పాత దేహము, క్రొత్త ఇరుసు: చెన్నపురి మోటారు శిల్పమున ఒక అధ్యాయము

చెన్నపురి చరిత్రను వ్రాసినవారు కోటను గూర్చి వ్రాసిరి. కుంఫిణీ దొరలను గూర్చి, దుబాసీలను గూర్చి, దేవాలయములను గూర్చి వ్రాసిరి. మోటారు కార్ల ప్రసక్తి వచ్చినపుడు మాత్రము మొదటి కారు ఎవరిది, దాని సంఖ్య యెంత అని చెప్పి ముందునకు సాగిపోయిరి. కారు కొన్నవాని పేరు చరిత్రకెక్కినది. కారు క్రిందికి దూరి దాని ఇరుసు విప్పినవాని పేరు ఎక్కలేదు. పాత కారు దేహమును అట్లే యుంచి, దాని ముందు చక్రములను మోయు ఇనుప కట్టడమును తొలగించి, వేరొక కారునుండి తీసిన నవీనమైన కట్టడమును ఆ స్థానమున అమర్చుట ఒక విద్య. దీనికి అమెరికాలో పత్రికలును, ప్రత్యేక వ్యాపార సంస్థలును కలవు. మన నగరమున ఈ విద్యయొక్క చరిత్ర పలుచోట్ల చెదరియున్నది. దానిని పురసవాక్కము మధ్యగా నుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

పురసవాక్కమునే యేల గ్రహింపవలెనని ప్రశ్న కలుగవచ్చును. తమిళమున పురసు అనునది తెలుగువారి మోదుగచెట్టు. ఇచ్చటి గంగాధరేశ్వరాలయమునకు అదియే స్థలవృక్షము. 1693లో ఎగ్మూరు, తండయారుపేటలతోపాటు ఈ గ్రామము ఆంగ్లేయుల వశమైనది. ఆనాటి తోటలును పొలములును పోయి నివాసములును అంగళ్లును ఏర్పడిన పిదప, దీని చుట్టును ఇనుముతో పనిచేయు పేటలు పెరిగినవి. ఉత్తరమున పెరంబూరు రైల్వే కార్ఖానాలు. ఆ ప్రాంతముననే 1955లో స్విట్జర్లాండువారి సహకారముతో వెలసిన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ. దానికి సమీపమున సెంబియములో సింసన్ వారి ఇంజన్ల కర్మాగారము. దక్షిణమున ఎగ్మూరు దాటినచో పుదుప్పేట. పాత వాహనములను విడదీసి భాగములుగా విక్రయించు అంగళ్లకు అది పెట్టినది పేరు. పురసవాక్కమున కార్లు పుట్టలేదు. కాని కారు మరమ్మతు కోరువానికి ఒక దిక్కున ఇంజను, మరియొక దిక్కున ఇనుపపని నేర్చిన చేయి, ఇంకొక దిక్కున పాత సామాను, ఇన్నియు గంట నడకలో లభించెడి ఊరు ఇది.

ఈ విద్య మోటారుతో పుట్టినది కాదు. ఎద్దుబండికి ఇరుసు, కుండ, ఆకులు, కడశీల, కందెన అని మన భాషలో ప్రతి భాగమునకును పేరున్నది. కాని బండికి కమాను లేదు. గతుకు తగిలినచో ఆ దెబ్బ నేరుగా కూర్చున్నవాని వెన్నునకు తగులును. 1804లో ఇంగ్లండునందు ఒబాడయా ఎలియట్ అనునతడు అండాకారపు ఉక్కు కమానులను పేటెంటు చేసెను. గుర్రపుబండ్లు వానిపై తేలియాడసాగినవి. మలుపునందు ముందు ఇరుసు మొత్తముగా తిరుగుట అపాయకరమని గుర్తించి, రెండు చక్రములును వేరువేరు కోణములలో తిరుగునట్లు మ్యూనిక్ నగరపు బండ్ల శిల్పి లాంకెన్‌స్పెర్గర్ ఒక యుక్తి కనిపెట్టెను. 1818లో దానిని ఇంగ్లండున పేటెంటు చేయించినవాడు రుడాల్ఫ్ ఆకర్మన్. కనిపెట్టినవాని పేరు మరుగున పడి, పత్రము పుచ్చుకొన్నవాని పేరు నిలిచినది. నేటికిని ప్రతి కారునందును పాటింపబడు ఈ సూత్రమునకు ఆకర్మన్ సూత్రమనియే వ్యవహారము.

ఆ కమానుల విద్య చెన్నపురికి వచ్చిన మార్గములలో ముఖ్యమైనది సింసన్ సంస్థ. 1840లో జీనులును, గుర్రపుబండ్లును చేయుటకు వెలసిన ఈ సంస్థయందే 1903లో శామ్యూల్ జాన్ గ్రీన్ అను శిల్పి ఆవిరితో నడచు కారును నిర్మించెను. సింసన్ వారి ఆవిరి బస్సు బెజవాడ, మచిలీపట్నముల నడుమ నడచినదని చెప్పుదురు; తెలుగు నాటి రహదారుల చరిత్ర వ్రాయువారు దీనిని విడువరాదు. ఆ దినములలో కారు కొనుటయనగా చాసిస్ కొనుట. పై దేహమును బండ్లు కట్టు శిల్పి కట్టి యిచ్చెడివాడు. చెన్నపురిలో కారు కొన్న మొదటి భారతీయుడుగా ప్రసిద్ధుడైన తాటికొండ నంబెరుమాళ్ శెట్టిగారి ఫ్రెంచి కారునకు ఎం.సి. 3 అను సంఖ్య లభించినది. అట్టి కార్ల కాలమున దేహము వేరు, చాసిస్ వేరు. ఒకదానిపైనుండి తీసి మరియొకదానిపై పెట్టుట వింత కాదు, వాడుక. కావున పాత దేహమునకు క్రొత్త ఇరుసు అమర్చుట నవీనుల వికారమని కొందరు ఆక్షేపించుట చరిత్రకు సరిపడదు.

తొలి కార్ల ముందు ఇరుసు అడ్డముగా నున్న ఒకే ఉక్కు దూలము. ఎడమ చక్రము గోతిలో పడినచో కుడి చక్రమును వంగెడిది. వేగము పెరిగినకొలది ముందు చక్రములు వణకసాగినవి. 1933లో మెర్సిడెస్ వారును, 1934లో అమెరికాలోని జనరల్ మోటార్స్ వారును ఏ చక్రమునకు ఆ చక్రము స్వేచ్ఛగా లేచి దిగు ఏర్పాటును ప్రవేశపెట్టిరి. ఒక్కొక్క చక్రమునకు పైన నొకటి, క్రింద నొకటి చొప్పున రెండు చేతులు; వాని నడుమ చుట్టల స్ప్రింగు. ఈ చేతులకు విష్‌బోను అని పేరు. నాటినుండి కార్లు రెండు జాతులైనవి: దూలపు ఇరుసు జాతి, స్వేచ్ఛాచక్ర జాతి. మొదటి జాతి కారును రెండవ జాతిలోనికి మార్చవలెనను కోరికయే నేటి మార్పిడి విద్యకు మూలము.

స్వాతంత్ర్యానంతరము మన దేశమున ఈ కోరికకు వేరొక కారణము తోడైనది. చెన్నపురియందు కార్యాలయముండిన ఫోర్డు సంస్థయు, బొంబాయియందలి జనరల్ మోటార్స్‌యు, దేశీయ తయారీని కోరిన ప్రభుత్వ విధానము వలన 1950ల దశాబ్దపు నడుమ నిష్క్రమించినవి. పెద్ద అమెరికను కార్లకు విడిభాగములు కరవైనవి. మిగిలినవి కలకత్తా అంబాసిడరు, బొంబాయి ఫియట్, చెన్నపురి స్టాండర్డు. అంబాసిడరు ముందు చక్రములను మెలిపడు ఉక్కు కడ్డీలు మోయును; ఫియట్ 1100 ముందు చక్రములను చుట్టల స్ప్రింగులు మోయును. ఒకనాటి సంపన్నుని డాడ్జి, షెవర్లే కార్లలో డీజిలు ఇంజనులు చేరినది ఈ కాలముననే. డీజిలు ఇంజను బరువైనది. దానిని మోయుటకు ముందు కమానులను బలపరచిరి. బలము పెరిగినకొలది బండి కఠినమైనది. ఇది మార్పిడి కాదు, సర్దుబాటు; అయినను చేయి తిరిగినది ఇచ్చటనే.

చెన్నపురి కారు అనదగినది స్టాండర్డు హెరాల్డు. మిచెలొట్టి అను ఇటలీ శిల్పి రూపము దిద్దగా 1959లో ఇంగ్లండున ట్రయంఫ్ హెరాల్డు పేర వెలువడి, 1961లో నగరమునకు దక్షిణముననున్న వండలూరు కర్మాగారమున స్టాండర్డు పేర తయారైనది. నాలుగు తలుపుల హెరాల్డు ఇంగ్లండువారికి లేదు, మనకే కలదు. ఈ వ్యాసమునకు కావలసినది దాని రూపము కాదు, దాని అస్థిపంజరము. తక్కిన సంస్థలు దేహమును చాసిస్‌ను ఏకము చేయుచున్న కాలమున హెరాల్డునకు విడి చాసిస్ ఉండెను. ముందు చక్రముల కట్టడము రెండు ఉక్కు గోపురములపై నిలిచి, బోల్టులతో చాసిస్‌కు బిగింపబడి, విప్పిన యెడల ఒకే ముద్దగా వెలుపలికి వచ్చును. పైగా ముందు మూత రెక్కలతో సహా ముందునకు వంగును. మెకానిక్కు చక్రముపై కూర్చుండి స్ప్రింగును, చేతులను, స్టీరింగు కడ్డీలను కన్నులార చూడవచ్చును. గోతిలోనికి దిగి తల పైకెత్తి వెదుకనక్కరలేదు. ముందు చక్రములు ఎట్లు పనిచేయునో పట్టపగలు చూపిన పాఠశాల హెరాల్డు. దాని నిలువు లింకునే ఇంగ్లండున లోటస్ సంస్థ తన ఎలాన్ కారునకు గ్రహించెను. హెరాల్డు చాసిస్‌పై తమకు నచ్చిన దేహమును కట్టుకొనువారు ఆ దేశమున ఎందరో యుండిరి.

అట్టి హెరాల్డునకు ఒక కీడు కలదు. నిలువు లింకు అడుగుకొస మరలు తిరిగియుండి, ట్రనియన్ అను కంచు ముద్దలోనికి దిగియుండును. స్టీరింగు త్రిప్పిన ప్రతిసారియు ఆ మర అందులో తిరుగును. అచ్చట పోయవలసినది చిక్కని గేరు నూనె. చూపునకది గ్రీజు పెట్టవలసిన చోటువలె నుండును. కావున గ్రీజు తుపాకితో గ్రీజు నింపిన చేతులు అనేకము. గ్రీజు గట్టిపడి క్రింది మరలకు చేరదు. ఆ సందున నీరు చేరును. చెన్నపురికి వాన ఆశ్వయుజ కార్తికములలో వచ్చును. ఆ దినములలో పురసవాక్కము వీధులలో నీరు చక్రమునకు సగము వరకు నిలుచుట అపూర్వము కాదు. లోపల తుప్పు పట్టిన లింకు ఒకనాడు మలుపులో తెగును. చక్రము కారు క్రిందికి మడిగిపోవును. ఎద్దుబండికి కందెన మరచినచో కీచుమను ధ్వని ముందుగా హెచ్చరించును. హెరాల్డు హెచ్చరింపదు. వెనుక చక్రములకును ఒక చిక్కుండెను. ఊగుడు ఇరుసుల వలన వేగపు మలుపులో అవి లోనికి ముడుచుకొనెడివి. 1972లో గజెల్ పేర వచ్చిన కారునందు సంస్థవారు ఆ ఏర్పాటును విడిచి, పూర్వకాలపు దూలపు ఇరుసును, కమాను కట్టలను వెనుకకు అమర్చిరి. నవీనమును తీసి పాతదానిని పెట్టిన మార్పిడి ఇది. రహదారియు, మెకానిక్కును భరింపగలిగినదియే ఉత్తమమని సంస్థయే ఒప్పుకొన్నట్లయినది.

ఇక సబ్‌ఫ్రేమనగా నేమో విచారింపవలెను. పెరంబూరు ప్రాంతమువారికి దీనిని వివరించుట సులభము. రైలు పెట్టె క్రింద చక్రములను, ఇరుసులను, స్ప్రింగులను మోయుచు విడిగా నుండు బోగీ ఎట్టిదో, కారు ముందుభాగమున చక్రములను, చేతులను, స్టీరింగును, ఒక్కొక్కచోట ఇంజనును గూడ మోయుచు విడిగా నుండు చట్రము అట్టిది. బోగీ తిరుగును, ఇది తిరుగదు, అంతియే భేదము. 1967లో వచ్చిన షెవర్లే కమారో కారునకు ముందు సబ్‌ఫ్రేము దేహమునకు బోల్టులతో బిగింపబడియుండెను. అమెరికను యువకులు దానిని విప్పియో కోసియో తెచ్చి పాత ట్రక్కుల క్రింద అతికిరి. 1974 మొదలు 1978 వరకు వచ్చిన ఫోర్డు మస్టాంగు రెండవ నమూనా కారుగా గొప్ప పేరు పొందలేదు. కాని దాని ముందు అడ్డచట్రము అమరత్వమును పొందినది. దానికి కారణము కలదు. 1950లో ఫోర్డువారు ఇంగ్లండున ప్రవేశపెట్టి, పిదప మారుతి 800 వరకు వ్యాపించిన మెక్‌ఫర్సన్ స్తంభపు పద్ధతిలో బరువు దేహపు పై అంచునకు పోవును. పాత కారు దేహమునకు ఆ బలము లేదు. మస్టాంగు పద్ధతిలో బరువంతయు క్రింది అడ్డచట్రముననే నిలుచును, పైన ఆధారమక్కరలేదు. అందువలన అది ఏ పాత చాసిస్‌కైనను ఒదుగును. పాత కార్లలో ఆ భాగములు తరిగిపోగా, వానికి నకళ్లు క్రొత్తగా తయారుచేయు సంస్థలు వెలసినవి.

ఒదుగుట వేరు, నడచుట వేరు. చూపరులు వెల్డింగును చూచి మెచ్చుకొందురు. కాని ప్రాణము కొలతలయందున్నది. స్టీరింగు కడ్డీ లోపలి కీలు, పై చేయి, క్రింది చేయి కీళ్లతో ఒక నియతమైన సంబంధము కలిగియుండవలెను. ఆ మూటి గీతలును పొడిగించినచో ఒకే బిందువున కలియవలెను. కలియనిచో చక్రము గతుకున ఎగిరినపుడెల్ల తనంత తాను కొంచెము మలుగును. నడపువాడు చేయి కదపకయే బండి ప్రక్కకు లాగును. సబ్‌ఫ్రేము వెడల్పైనదని దానిని నడుమ కోసి కుదించువారు, స్టీరింగు ర్యాకును గూడ అంత మేరకు కుదింపవలెనని మరతురు. చక్రపు నిలువు అక్షము పైకొస కొన్ని డిగ్రీలు వెనుకకు వాలియుండవలెను. అది తప్పినచో మలుపు పిదప స్టీరింగు తిరిగి రాదు. ముందు డిస్కు బ్రేకులు వచ్చి వెనుక పాత డ్రమ్ములు మిగిలినచో, ఆపుశక్తి పంపకము చెడును. మన దేశమువారికి మరియొక చిక్కు అదనము. అమెరికను సబ్‌ఫ్రేము ఎడమ స్టీరింగునకు ఏర్పడినది. మనము కుడివైపున కూర్చుందుము. స్టీరింగు దండము ఆ ప్రక్కకు రావలసినపుడు సైలెన్సరు గొట్టమో, స్టార్టరో అడ్డు నిలుచును. విదేశీ పుస్తకమును చూచి చేసిన పని ఇచ్చట సగములో నిలిచిపోవుటకు ఇది ముఖ్య హేతువు. తప్పు పనిచేసినవాని నేర్పున కాదు, లెక్కయందుండును. లెక్క నోటిమాటగా గురువునుండి శిష్యునకు అందును గాని కాగితముపై అరుదుగా నిలుచును.

ఆ లెక్కకు పరీక్షాస్థలముగా నుండినది షోళవరము. నెల్లూరు పోవు రహదారికి చేరువనున్న ఆ యుద్ధకాలపు విమానపు దారిపై, 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు పందెములు నడపిరి. అంబాసిడరు, ఫియట్, హెరాల్డు కార్లు తేలికపడి, క్రుంగి, కమానులు బిగిసి అచ్చట పరుగెత్తినవి. కోయంబత్తూరునకు చెందిన కరివర్ధన్ 1980ల దశాబ్దాంతమున మారుతి భాగములతో ఒంటియాసనపు పందెపు కార్లను నిర్మించి, వానిని సామాన్యులకు అందుబాటున నుంచెను. ఫార్ములా వన్ పందెమున పాల్గొన్న మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ తొలినాళ్లలో నడపినవి అట్టి కార్లే. పందెములు 1990లో శ్రీపెరంబుదూరు సమీపపు ఇరుంగాట్టుకోట్టయి బాటకు తరలినవి. పందెపు బాటపై పొరపాటు వెంటనే బయటపడును. వీథిలో అది సంవత్సరములు దాగియుండును. అందువలననే పందెపు మెకానిక్కుల మాటకు విలువ.

తెలుగు నాట విజయవాడ ఆటోనగరు లారీల దేహములకు ప్రసిద్ధి. హైదరాబాదు బహదూర్‌పురాలో 2010లో వెలసిన సుధా కార్ల మ్యూజియమున సుధాకర్ గారు పుస్తకము, క్రికెట్టు బంతి మున్నగు ఆకారములలో నిర్మించిన వాహనములు కలవు. అవి వినోదమునకు ఏర్పడిన నిర్మాణములు. ప్రతిదినము రహదారిపై కుటుంబమును మోయవలసిన హెరాల్డు ప్రశ్న వానికి లేదు.

ఆ ప్రశ్నకు ఇపుడు చట్టము ముడి వేసినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ విభాగము 2000లో సవరింపబడినది. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని ఆ సవరణ శాసించెను. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఈ శాసనమును దృఢపరచెను. ఆ సంవత్సరపు సవరణ చట్టము అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, ఆరు నెలల వరకు కారాగారమో, రెండునో విధించుటకు వీలు కల్పించెను. తరువాత 2021లో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నమోదు నియమములు వెలువరించెను. మొదటి నమోదునుండి ఏబదియేండ్లు నిండి, మూలరూపమున నిలిచి, చాసిస్, దేహము, ఇంజనులందు పెద్ద మార్పు పొందని వాహనములకే ఆ గౌరవము. నమోదునకు 20,000 రూపాయల రుసుము, సంఖ్యలో వి.ఎ. అను అక్షరములు.

ఈ నియమములు పెట్టినవారి యుద్దేశము మంచిదే. అతుకు చెడిన కారు ఎదుటివాని ప్రాణమును గూడ తీయును. అయినను హెరాల్డు యజమానికి ఇచ్చట ఒక ధర్మసంకటము కలదు. ట్రనియన్ కీడు తొలగించుటకు ముందు కట్టడమును మార్చినచో, అది చట్టమునకు విరుద్ధము. పురాతన వాహనమను గౌరవమును పోవచ్చును. మార్చనిచో, తాత కొన్న కారులో మనుమలను కూర్చుండబెట్టిన ప్రతిసారియు ఆ లింకును తలచుకొనవలెను. ఈ రెంటి నడుమ మూడవ మార్గము లేకపోలేదు. అది ఖర్చుతో గూడినది కాదు, ఓపికతో గూడినది. లింకును విప్పి పగుళ్లకు పరీక్షించుట, కంచు ముద్దను మార్చుట, నిర్ణీత కాలమున గేరు నూనె పోయుట. ఇంగ్లండున హెరాల్డును కాపాడుకొనుచున్నవారు చేయుచున్నది ఇదియే. పూర్తి మార్పిడి పందెపు బాటకును, ప్రదర్శనకును తగినది. చేయవలసియే వచ్చినచో కోసి అతుకుటకంటె బోల్టులతో బిగించుట మేలు. విప్పిన గోపురములను పుదుప్పేటకు తూకమునకు అమ్మక దాచవలెను. రేపు మరల మూలరూపము కోరువానికి అవియే ఆధారము.

చరిత్రకారునికి మిగులు చిక్కు మరియొకటి. నమోదు పత్రమున చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య, చక్రముల నడిమి దూరము, ఖాళీ బరువు ఉండును. ముందు చక్రములు దేనిపై నిలిచియున్నవో వ్రాయుటకు అందులో గడి లేదు. ఏబది సంవత్సరములలో ఈ నగరమున ఎన్ని కార్లు ఒక సంస్థ దేహముతోను, మరియొక సంస్థ ఇరుసుతోను తిరిగినవో ఆ పత్రములను ఎంత వెదకినను తేలదు. తెలియవలెనన్నచో ఆ కార్లను లేపి చూడవలెను. లేదా వానిని లేపిన పెద్దలు ఉన్నంతలో పోయి అడిగి, వారు చెప్పిన కొలతలను వ్రాసికొనవలెను.